చెరుకు మైనం పట్టీ

జహీరాబాదు ఆడపిల్లల హైస్కూల్లో నాకు సైన్స్ టీచరు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు ఇంట్లో అందరూ సంతోషించారు. సంతోషిస్తూనే ఒకసారి నా ఎడమ కాలి వైపు చూశారు. మూడేళ్ళ వయసులో వచ్చిన పోలియో ఆ కాలిని మోకాలి కింద పుల్లలా చేసి వదిలేసింది. పాదం నా మాట వినేది కాదు, ఎత్తితే కిందికి వేలాడేది. బూటుకు రెండు పక్కలా బిగించిన ఇనుప సలాకలు, ఆ రెంటినీ పిక్క దగ్గర కలిపి పట్టి ఉంచే వెడల్పాటి తోలు పట్టీ, ఇవి ఉంటేనే నేను నడవగలిగేదాన్ని. దవాఖానలో దాన్ని కాలిపర్ అనేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం ఇనుప కాలు అనేవాళ్ళు.

అది డెబ్భైల చివరి మాట. అన్నయ్య నాతో వచ్చి రెండు రోజులు ఊరంతా తిరిగి మెట్లు లేని ఇల్లు ఒకటి వెతికాడు. వీధి వైపు గదిలో బూట్లు కుట్టే దుకాణం, వెనక ఇల్లు, పక్కన విడిగా ఒక గది. ఆ గదే నాకు అద్దెకు దొరికింది. ఇంటాయన ఊళ్ళో అందరికీ ఉస్తాద్. సన్నటి మనిషి, తెల్ల గడ్డం, ఒక పక్క కాడ విరిగితే దారం కట్టుకున్న కళ్ళద్దాలు. ఆయన భార్యది బీదరు వైపు. ఆమె మాటల్లో ఉర్దూ, తెలుగు, కన్నడం ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. వాళ్ళ ఇద్దరు కూతుళ్ళూ పెళ్ళిళ్ళై వెళ్ళిపోయారు. వారం తిరగకముందే నేను ఆయన్ని చాచా అని, ఆమెను చాచీ అని పిలవడం మొదలుపెట్టాను.

మొదటి ఎండాకాలంలోనే నా కష్టం మొదలైంది. హైదరాబాదులో వేసిన ఆ తోలు పట్టీ చెమటకు నాని మెత్తబడేది. పాఠం చెబుతూ నిలబడితే సలాకల బరువుకు కిందికి జారి, దాని అంచు ముడత పడి, పిక్క ఎముక మీద కోసుకునేది. ముందు ఎర్రగా కందింది, తర్వాత పుండయింది. పాత చీర చింపి పుండు మీద కట్టి, దాని మీద పట్టీ బిగించుకుని బడికి వెళ్ళేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగానికి పనికిరానంటారని భయం.

గుడ్డ ముక్కలు ఉతికి తీగ మీద ఆరేస్తుంటే చాచీ చూసింది.

"ఏంది బిడ్డా, ఈ గుడ్డకు రక్తం మరక?"

"ఏం లేదు చాచీ. దోమ కుడితే గోక్కున్న."

"దోమ కుడితె గింత రక్తం వస్తదా? కాలు చూపియ్యి."

చూపించక తప్పలేదు. చాచీ లోపలికి వెళ్ళి వేడినీళ్ళు తెచ్చి పుండు కడిగింది. ఇంటికీ దుకాణానికీ మధ్య ఉన్న పరదా అవతల నుంచి చాచా గొంతు వినబడింది.

"ఆ పట్టీ ఇప్పి గిటు పంపు. నేను చూస్త."

చాచీ తీసుకెళ్ళి ఇచ్చింది. కాసేపు సుత్తి చప్పుడు ఆగిపోయింది. తర్వాత ఆయన అక్కడి నుంచే మాట్లాడాడు.

"తోలు మంచిదే బేటా. కుట్టినోనికి పని వచ్చు. కానీ ఒట్టి తోలు చెమట తాగి వాలిపోతది. దీనికి బొక్క లేదు. బొక్క పెట్టాలె."

బొక్క అంటే మా వైపు ఎముక.

"తోలుకు బొక్క ఎట్ల పెడతవు చాచా?" అని అడిగాను.

"మైనం తాపిస్త," అన్నాడాయన.

చాచా చిన్న వయసులో హైదరాబాదులో గుర్రాల జీన్లు కుట్టే దుకాణంలో పని నేర్చుకున్నాడట. తడిపిన తోలును అచ్చు మీద బిగించి ఆరబెట్టి, కరిగిన మైనంలో ముంచి తీస్తే చెక్కలాగా గట్టిపడుతుందట. నా కాలికి అట్లాంటిదే ఒక గొట్టం లాంటి పట్టీ చేస్తానన్నాడు. దానికి నా కాలి అచ్చు కావాలి. పరాయి ఆడపిల్ల కాలు తాను ముట్టుకోవడం ఆయనకు సమ్మతం కాదు. అందుకని ఆ పని చాచీ మీద పడింది.

దవాఖాన కాంపౌండరును అడిగి ప్లాస్టర్ పట్టీలు తెచ్చారు. నేను మంచం మీద కాలు చాపి కూర్చున్నాను. చాచీ నా కాలికి నూనె పూసి, తడి పట్టీలు చుట్టడం మొదలుపెట్టింది. చాచా పరదా అవతల స్టూలు వేసుకుని కూర్చుని చెబుతున్నాడు.

"మోకాలి కింద రెండు వేళ్ళ సందు ఇడిశిపెట్టు. బిర్రుగ సుట్టకు. ఒకదాని మీద ఒకటి సగం పడాలె."

"నలుగురు పిల్లల పొత్తిగుడ్డలు సుట్టిన. నాకు సుట్టుడు రాదా?" అంది చాచీ. పుట్టిన నలుగురిలో ఇద్దరే దక్కారని నాకు తర్వాత తెలిసింది.

ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు కాలు వేడెక్కింది. నేను ఉలిక్కిపడ్డాను.

"వేడైతదని చెప్పు, భయపడొద్దను," అన్నాడు చాచా అవతలి నుంచి, ఏమీ చూడకుండానే.

కత్తెరతో కోసి తీసిన ఆ డొల్లలో మళ్ళీ ప్లాస్టర్ పోసి నా కాలి బొమ్మ తయారుచేశాడు. దుకాణంలో బూట్ల అచ్చుల పక్కన అది నిలబడి ఉండగా మొదటిసారి చూశాను. అంతవరకూ నా కాలిని పై నుంచే చూశాను, అదీ తొందరగా, వెంటనే చీర కప్పేసుకునేదాన్ని. నా ఎదురుగా నిలబడి ఉన్న ఆ సన్నటి కాలు నాకు పరాయిగా కనిపించింది, జాలి కూడా కలిగింది. ఎవరైనా గిరాకీ దుకాణంలోకి అడుగు పెట్టగానే చాచా దాని మీద తువ్వాలు కప్పేవాడు. ఆ సంగతి నాకు చాచీ చెప్పింది.

తంగేడు చెక్కతో పదును చేసిన బర్రెతోలు తెచ్చి, తడిపి, ఆ బొమ్మ మీద బిగించి ఆరబెట్టాడు. తేనెపట్టుల వాళ్ళ దగ్గర దొరికే తేనె మైనం కరిగించి అందులో ముంచాడు. లోపల మేకతోలు మెత్తగా అతికించి, సలాకలకు బిగించి ఇచ్చాడు. చలికాలమంతా అది బ్రహ్మాండంగా పనిచేసింది. పుండు మానిపోయింది. నేను బడి పైఅంతస్తులో ఉన్న లాబుకు రోజూ రెండుసార్లు ఎక్కి దిగాను.

హోళీ దాటాక ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం బడి నుంచి నడిచి వస్తుంటే కాలి దగ్గర ఏదో వేడిగా కదిలినట్టయింది. ఇంటికి చేరి విప్పి చూస్తే పట్టీ ఒక పక్కకు ఒరిగి అప్పడంలా వంకర తిరిగింది. మైనం కారి మేకతోలంతా జిగటగా ఉంది. చాచా దాన్ని చేతిలో తిప్పి చూసి తల ఊపాడు. తర్వాత కొవ్వొత్తులు కరిగించి ఆ మైనంతో ఒకటి చేశాడు. అది ఇంకా తొందరగా మెత్తబడింది.

ఆ రోజు ఆయన అలమారలో నుంచి ఒక చిన్న రేకు డబ్బా తీశాడు. అందులో లేత పసుపు రంగు పెంకు ముక్క ఒకటి ఉంది, చింతగింజ కన్నా కొంచెం పెద్దది.

"గోరుతోని గీకు," అన్నాడు.

గీకాను. గీత పడలేదు.

"ఇదేంది చాచా?"

"చెట్టు మైనం. సముద్రం అవతల బ్రెజిల్ల తాటిచెట్టు లెక్క చెట్లుంటయంట. ఆకులు ఎండబెట్టి దులిపితే రాలుతదంట. మా దుకాణం సేఠు జీన్లకు ఇదే వాడేటోడు. ఎంత ఎండకైన కరగదు."

"దొరుకుతదా?"

"పోయిన వారం బేగంబజార్ల అడిగి వచ్చిన. పాలిష్ ఫ్యాక్టరీలోళ్ళకే దొరుకుతలేదట. మనకెవరిస్తరు?"

నాకు చెప్పకుండా, నా కాలి కోసం ఆయన హైదరాబాదు దాకా వెళ్ళి వచ్చాడని అప్పుడే తెలిసింది.

ఆ వారంలోనే ఎనిమిదో తరగతిలో ఆకుల పాఠం వచ్చింది. ఆకుల మీద పలుచటి మైనపు పొర ఉంటుందని, మొక్క తన నీళ్ళు ఎండకు పోకుండా దానితో కాపాడుకుంటుందని చెప్పాలి. ఉత్తగా చెబితే పిల్లలకు ఎక్కదని ఒక ఆముదపు కొమ్మ తెంపుకెళ్ళాను. కాడ మీద విభూతి రాసినట్టున్న తెల్లటి పూతను బొటనవేలితో తుడిచి చూపించాను. "ఇదే మైనం" అన్నాను. వెనక బెంచీలో నుంచి ఒక అమ్మాయి లేచింది.

"టీచర్, మరి చెరుకు గడ మీద కణుపుల కాడ తెల్లగ ఉంటది. అది కూడ గదేనా?"

"అదే," అన్నాను. అని, చేతిలో కొమ్మతో అట్లాగే నిలబడిపోయాను. మా చుట్టుపక్కల చెరుకు బండ్లు వరస కట్టి ఫ్యాక్టరీకి పోతున్నాయి. ఆ గడలన్నిటి మీదా ఉన్న తెల్లపూత ఎక్కడికి పోతోంది?

ఆ అమ్మాయి తండ్రి చక్కెర ఫ్యాక్టరీ లాబులో కెమిస్టు. తండ్రిని అడిగి రమ్మన్నాను. మర్నాడు జవాబు తెచ్చింది. "రసం వడకడితె మిగిలే మడ్డిలకు పోతదంట టీచర్."

మడ్డి నాకు తెలుసు. నల్లగా, మెత్తగా, ఫ్యాక్టరీ వెనక కుప్పలుగా పోసి ఉండేది. రైతులు బండ్ల మీద పొలాలకు ఎరువుగా తోలుకునేవాళ్ళు. బడికి పాలు పోసే ఆయన్ని అడిగితే రెండు తట్టలు తెచ్చి మా పెరట్లో పోశాడు. కొవ్వు లాంటిది కాబట్టి నీళ్ళలో మరిగిస్తే పైకి తేలుతుందని నా లెక్క. డిగ్రీలో రసాయనశాస్త్రం చదివినదాన్ని కదా. ఆదివారం పొద్దున పెద్ద డేగిసా పొయ్యి మీద పెట్టి కట్టెలు ఎగదోశాను.

పులిసిన బెల్లం, కుళ్ళిన ఆకులు, ఇంకేదో గంధకం లాంటి ఘాటు, అన్నీ కలిసిన వాసన లేచింది. ముందు చాచీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత పక్కింటివాళ్ళు తలుపులు మూసుకున్నారు. మధ్యాహ్నానికి ఎదురింటి పెద్దాయన వచ్చి, "ఉస్తాద్, మీ ఇంట్ల తోలు కాలిందా?" అని అడిగాడు. సాయంత్రం దాకా మరిగించినా పైకి తేలింది నల్లటి నురగే. చాచా ఆ నురగను పుల్లతో తీసి వేళ్ళ మధ్య రుద్ది చూశాడు.

"మట్టి," అన్నాడు మెల్లగా. నన్ను నొప్పించకూడదని కాబోలు, "నున్నగున్నది మట్టి," అని కూడా అన్నాడు.

కూతురి ద్వారా ఈ సంగతి విని ఆ కెమిస్టే తర్వాతి ఆదివారం స్కూటరు మీద వచ్చాడు. నలభై దాటిన మనిషి, బీదరు జిల్లా ఆయన. చాచీతో రెండు నిమిషాలు కన్నడంలో మాట్లాడేసరికి ఆమె చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కట్లు కూడా పెట్టింది.

"నీళ్ళకు మైనం రాదు టీచర్‌గారూ," అన్నాడాయన. "వేడి స్పిరిట్‌లో కరుగుతది. చల్లారితే మళ్ళ బయటపడుతది. కాని ఇంట్ల చేయొద్దు. స్పిరిట్ ఆవిరి అంటుకుంటే ఇల్లు మిగలదు. మీకెందుకు కావాలో చెప్పండి, నేను లాబులో తీసిస్త."

నేను చీర కుచ్చిళ్ళు కాలి మీదికి లాక్కున్నాను. చాచా లేచి తువ్వాలు తీసి ప్లాస్టర్ కాలిని చూపించాడు. ఆయన దాన్ని చూసి, నన్ను చూడకుండా, చాయ్ కప్పు వైపు చూస్తూ, "ఎంత కావాలె?" అని అడిగాడు.

ఒక శనివారం మధ్యాహ్నం ఆయన నన్నూ చాచానూ లాబుకు రమ్మన్నాడు. ఎండిన మడ్డి పొడిని గాజు కుప్పెలో స్పిరిట్‌తో మరిగించి, వేడిగా ఉండగానే వడకట్టాడు. ఆకుపచ్చని రసం గాజు గ్లాసులోకి దిగింది. దాన్ని చల్లటి నీళ్ళ తొట్టిలో పెట్టాడు. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి రసం మబ్బు కమ్మినట్టయింది. తర్వాత అందులో పెరుగు తోడుకున్నట్టు లేత పచ్చని తరకలు కట్టాయి. చాచా కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇంతా ఆ నల్ల మట్టిలనే ఉండెనా?" అన్నాడు.

ఒక్కో కుప్పెకు వచ్చేది కొంచెమే. కెమిస్టు తన పని అయ్యాక, వీలు దొరికినప్పుడల్లా రోజుకు రెండు మూడు విడతలు తీసి, కరిగించి, చిన్న బిళ్ళలుగా పోసి, వార్తాపత్రికలో చుట్టి కూతురి సంచీలో పంపించేవాడు. ఆ బిళ్ళలు ముదురు ఆకుపచ్చగా, గోధుమరంగు కలిసి ఉండేవి. ముక్కు దగ్గర పెట్టుకుంటే బెల్లం వాసన సన్నగా తగిలేది. చాచా మొదటి బిళ్ళను గోరుతో గీకాడు. అతి సన్నటి గీత పడింది. రేకు డబ్బాలోని ముక్కను గీకి, మళ్ళీ దీన్ని గీకి, పోల్చి చూసుకున్నాడు.

"దానికి తమ్ముడు," అన్నాడు.

సరిపడా మైనం చేరాక తోలును బొమ్మ మీద బిగించాడు. ఎండలు మండుతున్నాయి, నా పుండు మళ్ళీ మొదలైంది. ఆ తొందరలో ఆయన తోలు పూర్తిగా ఆరకముందే వేడి మైనంలో ముంచాడు. తోలు ఒక్కసారిగా ముడుచుకుని, చూస్తుండగానే నల్లగా వంకర పోయింది. చాచా దాన్ని పట్టకారుతో తీసి పక్కన పెట్టాడు.

"తప్పు నాదే. లోపల పచ్చిగుంది. తెలిసి కూడ ఆగలేకపోయిన," అన్నాడు.

రెండోసారి వారం రోజులు ఆరనిచ్చాడు. ఈసారి చక్కగా వచ్చింది, రాయిలాగా ఉంది. తొడుక్కుని వాకిట్లో నాలుగు అడుగులు వేశాను. ఐదో అడుగుకు టప్పుమని చప్పుడై నిలువునా పగిలింది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. చాచా వంగి ముక్కలు ఏరుకున్నాడు.

మర్నాడు చాచీ జొన్నరొట్టెలు కొడుతోంది. నేను పక్కన కూర్చుని ఉన్నాను. చాచా గుమ్మంలో పగిలిన పట్టీ ముక్కలు అతికించి చూస్తున్నాడు. చాచీ చేయి ఆపకుండానే అంది.

"జొన్నపిండి చల్లనీళ్ళతోని కలిపితె అంచులు పగులుతయి. ఉడుకు నీళ్ళు పోస్తె సాగుతది. నీ మైనానికి కూడ సాగే గుణం ఉండాలె కద. ఒట్టి గట్టిదే పోస్తె పగలక ఏమైతది?"

చాచా తలెత్తి ఆమె వైపు చూశాడు.

"సాగేది ఏం కలపాలె?"

"నాకేమెరుక? తేనె మైనం సాగుతనే ఉండె కద. గది జర కలుపు. ఒక చుక్క ఆముదం పొయ్యి."

చెరుకు మైనం ఎక్కువ, తేనె మైనం తక్కువ, ఆముదం నాలుగు చుక్కలు. ఎంతకెంత అన్నది తేల్చుకోవడానికి చాచా తోలు ముక్కలు కోసి, ఒక్కొక్కటి ఒక్కో పాళ్ళలో ముంచి, డాబా మీద ఎండలో పరిచాడు. మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఎక్కి, ఒక్కొక్కటి వంచి చూసేవాడు. నాలుగు రోజులకు ఒక ముక్క పట్టుకుని దిగి వచ్చాడు. చాచీ చేతికి ఇచ్చాడు. ఆమె వంచింది. అది కొంచెం వంగి, వదలగానే తిరిగి నిటారుగా అయింది. పగల్లేదు, మెత్తబడలేదు.

ఆ పట్టీ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. ముదురు గోధుమరంగు, కొబ్బరి చిప్ప అంత గట్టిదనం, లోపల పసిపాప చెంపలాంటి మేకతోలు. తొడుక్కుంటే నా కాలిని ఎవరో రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకున్నట్టు ఉండేది. ఆ ఏప్రిల్ చివర్లో రాయికోడులో పరీక్షల డ్యూటీ వేశారు. రేకుల కప్పు కింద మూడు గంటలు నిలబడి, వరసల మధ్య తిరిగి, బస్సెక్కి మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరాను. చాచీ తలుపు దగ్గరే ఉంది. నన్ను కూర్చోబెట్టి తానే పట్టీ విప్పింది. పిక్క ఎముక మీద వేలితో పై నుంచి కింది దాకా తడిమింది. ఎర్రటి గీత కూడా లేదు.

"చూస్తున్నవా?" అని పరదా అవతలికి కేకేసింది. వెంటనే, "చూడకు, విను. ఏం కాలేదు. మంచిగుంది," అంది.

అవతల సుత్తి చప్పుడు మళ్ళీ మొదలైంది.

వానాకాలంలో ఒకనాడు బస్టాండులో నేను నడిచి వస్తుంటే వెనక ఎవరో పిలిచారు. న్యాల్‌కల్ వైపు పల్లె నుంచి వచ్చిన ఆడమనిషి, చంకలో ఐదేళ్ళ పిల్ల. ఆ పిల్ల కాలు చీర మడతల మధ్య ఎట్లా వేలాడుతోందో చూడగానే నాకు తెలిసిపోయింది.

"అమ్మా, తప్పు అనుకోకు. నీ కాలుకు ఏం కట్టిన్రు? ఎక్కడ కట్టిన్రు?"

నేను చీర కుచ్చిళ్ళు జరిపి చూపించాను. బస్టాండులో, అందరి ముందు. అంతకు ముందు ఎప్పుడూ అట్లా చేయలేదు. ఆమెను వెంటబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. చాచీ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ప్లాస్టర్ చుట్టింది. ఇనుప సలాకలు చేయడానికి పక్క వీధి కమ్మరి దొరికాడు. నెల రోజులకు ఆ పిల్ల మా వాకిట్లో నుంచి గేటు దాకా తల్లి వేలు పట్టుకుని నడిచింది.

ఆ తర్వాత వాళ్ళూ వీళ్ళూ చెప్పుకుని రావడం మొదలైంది. ఆ రోజుల్లో పోలియో తగలని ఊరు లేదు. పిల్లలు పెరుగుతుంటారు కాబట్టి ఏటా కొత్త పట్టీ కావాలి. ఫ్యాక్టరీలో చెరుకు ఆడించే ప్రతి సీజన్‌లో కెమిస్టు మైనం తీసి పంపుతూనే ఉన్నాడు. కూతురు చదువు ముగించి వెళ్ళిపోయాక ఆయనే స్కూటరు మీద తెచ్చి ఇచ్చేవాడు. డేగిసా అడుగున మిగిలిన మైనాన్ని చాచీ పారెయ్యనిచ్చేది కాదు. ఆముదం ఎక్కువ పోసి మలాము చేసి, కాలి మడమలు పగిలిన కూలి ఆడవాళ్ళకు ఆకుల్లో పెట్టి ఇచ్చేది. కొంత చాచా బూటు పాలిష్‌లోకి పోయేది.

అందరికీ బాగు కాలేదు. ఝరాసంగం దగ్గరి నుంచి ఒకాయన తన కొడుకును బండిలో తెచ్చాడు. పన్నెండేళ్ళ వాడు, రెండు కాళ్ళూ నడుము దాకా చచ్చుబడ్డాయి. చాచా పిల్లవాడి వీపు మీద చేయి వేసి, చాలాసేపు వాడితో పశువుల గురించి మాట్లాడాడు. తర్వాత తండ్రిని దుకాణంలోకి పిలిచాడు. నేను గుమ్మంలో ఉన్నాను.

"నేను చెప్పులు కుట్టేటోన్ని భాయ్. డాక్టర్‌ను కాదు. నా పట్టీతోని వీడు నడుస్తడని చెప్తే అబద్ధం అయితది. హైదరాబాదు పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి. ఎవర్ని కలవాలెనో టీచరమ్మ చీటీ రాసిస్తది."

నేను చీటీ రాసిచ్చాను. బండి వీధి మలుపు తిరిగేదాకా చాచా రోడ్డు మీదే నిలబడ్డాడు. ఆ రోజు దుకాణం తొందరగా మూశాడు.

ఎనభైలు సగం దాటాక పట్టణంలో వికలాంగుల శిబిరం ఒకటి పెట్టారు. హైదరాబాదు నుంచి వచ్చిన వాళ్ళు ప్లాస్టిక్ పట్టీలు తెచ్చారు. తెల్లగా, తేలికగా, పాదం కింది నుంచి పిక్క దాకా ఒకటే ముక్క. ఇనుము లేదు. మామూలు చెప్పులో కూడా పడుతుంది. నా కాలికీ కొలత తీసుకుని ఒకటి ఇచ్చారు. తొడుక్కుని రెండు అడుగులు వేసేసరికి ఏదో పోగొట్టుకున్నంత తేలికగా అనిపించింది.

కానీ ఇంటికి వెళ్ళేటప్పుడు దాన్ని విప్పి సంచీలో పెట్టుకుని, తోలు పట్టీ కట్టుకున్నాను. రెండు వారాలు అదే పని. బడిలో ప్లాస్టిక్, ఇంట్లో తోలు. ఒక సాయంత్రం నేను గేటు తీస్తుండగా చాచా తల ఎత్తకుండానే అడిగాడు.

"నిన్న బడి దిక్కు పోయిన. నీ అడుగు చప్పుడు ఆడ ఒక తీరుగ, ఇంట్ల ఒక తీరుగ ఉన్నది. ఎందుకు బేటా?"

సంచీలో నుంచి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని తిరగేసి, వాసన చూసి, బొటనవేళ్ళతో వంచి వదిలాడు. నీళ్ళ కుండలో ముంచి తీశాడు. ఒక్క చుక్క కూడా అంటలేదు.

"ఎండకు మెత్తపడదా?"

"పడదంట చాచా. పెద్ద మంట మీద వేడి చేస్తేనే వంగుతదట."

"చెమట తాగదు. ఉబ్బదు. ఇనుము బరువు లేదు." తల ఊపాడు. "నా దానికన్న మంచిగుంది. నాకు భయపడి మంచిదాన్ని సంచీల దాచుకుంటవా? కట్టుకో."

నేను కూర్చుని అక్కడే కట్టుకున్నాను. కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. ఆయన అది చూడనట్టు అంచు మీద వేలు పెట్టాడు.

"గీ అంచు మాత్రం కోస్తది. పిల్లలకైతే ఇంకా కోస్తది. దీని అంచు సుట్టూ తోలు గోటు కుట్టాలె," అన్నాడు.

మర్నాడు చాచా తన పట్టీలు కట్టుకునే పిల్లల ఊళ్ళన్నీ గుర్తు చేసుకుని చెబుతుంటే, శిబిరానికి రమ్మని నేను కార్డులు రాశాను. శిబిరం రెండో విడత పెట్టినప్పుడు వాళ్ళలో చాలామంది వచ్చారు. చాచా కూడా వచ్చాడు. పనిముట్ల సంచీ, మేకతోలు చుట్ట, చిన్న సీసాలో మైనం. శిబిరం ఇన్‌చార్జి ముందు ఆయన్ని పట్టీలు ముట్టుకోనివ్వలేదు. అప్పటికే ఒక పిల్ల ప్లాస్టిక్ అంచు గీరుకుని ఏడుస్తోంది. చాచా ఆయన్ని అడగకుండానే ఆ పట్టీ తీసుకుని, పదిహేను నిమిషాల్లో అంచు చుట్టూ మెత్తటి తోలు కుట్టి, దారానికి మైనం రాసి ముడి బిగించి, తిరిగి తొడిగించాడు. తొడిగింది చాచీయే. పిల్ల ఏడుపు ఆపి, కాలు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

ఆ ఇన్‌చార్జి కాసేపు చూసి, షామియానా కింద నీడ ఉన్న చోట ఒక చాప వేయించాడు. మూడు రోజులు ఆ చాప మీద చాచా పని చేశాడు. నేను వరసలో పిల్లల పేర్లు రాసుకుంటూ, ఎవరి వంతు వస్తే వాళ్ళను పంపిస్తూ ఉన్నాను. మధ్యాహ్నం చాచీ రొట్టెలు, పప్పు తెచ్చి మా ఇద్దరికీ వడ్డించింది. ఇన్‌చార్జిని కూడా పిలిచి కూర్చోబెట్టింది.